డిజిటల్ యుగంలో ఫిల్ము ఛాయాచిత్రణ ఆకర్షణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చేతిలోని ఫోన్‌తో లెక్కలేనన్ని ఫోటోలు తీసుకోగల ఈ కాలంలో, ఖర్చూ శ్రమా ఎక్కువైన ఫిల్ము ఫోటోగ్రఫీ వైపు కొత్త తరం మళ్లుతోంది. ఈ ధోరణిని గతకాలంపై మమకారంగా వివరించడం పరిపాటి. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిమితి, నిరీక్షణ, భౌతికమైన మూలప్రతి అనేవి నేడు ఫిల్ము గుణాలుగా మన్నన పొందుతున్నాయి. అయితే ఫిల్ము పరిశ్రమ వీటిని దశాబ్దాల పాటు అసౌకర్యాలుగానే చూసింది. డిజిటల్ సాంకేతికత వాటిని తొలగించిన తరువాతే అవి గుణాలుగా గుర్తింపు పొందాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ మూడింటిలో పరిశోధకులకు అత్యంత ముఖ్యమైనది నెగెటివ్ అనీ, నేటి పునరాగమనం దాని భద్రతకు హామీ ఇవ్వడం లేదనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్రణ, ఫిల్ము, నెగెటివ్, డిజిటల్, కొడాక్, హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్, దృశ్యచరిత్ర, భద్రత.

1. ఉపోద్ఘాతం

ఒక సాంకేతికత స్థానంలోకి మరొకటి వచ్చినప్పుడు పాతది కనుమరుగవుతుందని సాధారణంగా భావిస్తాం. ఛాయాచిత్రణ చరిత్రలో ఇది చాలాసార్లు జరిగింది కూడా. గాజుపలకలు వచ్చాక కాగితపు నెగెటివ్‌లు పోయాయి. ఫిల్ము చుట్టలు వచ్చాక గాజుపలకలు పోయాయి. అదే క్రమంలో డిజిటల్ వచ్చాక ఫిల్ము కూడా పోవాలి. 2000 తరువాతి మొదటి పదేళ్లలో సరిగ్గా అదే జరుగుతున్నట్లు కనిపించింది. కానీ తరువాతి దశాబ్దంలో ఆ క్రమం తప్పింది. ఆపేసిన ఫిల్ములు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. కొత్త ఫిల్ము కెమెరాలు తయారయ్యాయి. వాటిని కొంటున్నవారిలో బాల్యం నుంచీ డిజిటల్ ఫోటోలనే చూసినవారు గణనీయంగా ఉన్నారు.

ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి నాణ్యతను పోల్చడం చాలదు. స్పష్టత, వేగం, తక్కువ వెలుతురులో పనిచేసే శక్తి వంటి కొలమానాల్లో నేటి డిజిటల్ కెమెరా సాధారణ 35 మి.మీ. ఫిల్మును దాటిపోయింది. కాబట్టి ఆకర్షణకు మూలాన్ని మరోచోట వెతకాలి. ఈ వ్యాసం ముందుగా ఫిల్ము ఎలా రూపొందిందో, అందులో దేన్ని లోపమని భావించారో వివరిస్తుంది. తరువాత క్షీణతనూ పునరాగమనాన్నీ పరిశీలిస్తుంది. చివరగా తెలుగు నుడికారంలో ఫిల్ము మిగిల్చిన జాడలనూ, మన దేశంలో నెగెటివ్‌ల స్థితినీ చర్చిస్తుంది.

2. నెగెటివ్ పుట్టుక

1839లో ఫ్రాన్సులో లూయీ డాగేర్ ప్రకటించిన పద్ధతిలో నెగెటివ్ లేదు. వెండిపూత పూసిన రాగిరేకు మీద నేరుగా చిత్రం ఏర్పడేది. దానికి రెండో ప్రతి ఉండదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ మరో దారి పట్టాడు. 1835లోనే తన నివాసమైన లేకాక్ ఆబీలో ఒక కిటికీని కాగితం మీద నెగెటివ్‌గా తీశాడు. 1841లో ‘కాలోటైప్’ పేరిట పేటెంటు పొందాడు. వెలుగు పడినచోట నల్లబడే ఆ కాగితం నుంచి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. టాల్బట్ తన ఆవిష్కరణను నీడను నిలిపే కళగా పేర్కొన్నాడు. తెలుగులో మనం వాడుతున్న ‘ఛాయాగ్రహణం’ అనే మాట ‘వెలుగురాత’ అనే అర్థమున్న ‘ఫోటోగ్రఫీ’ కన్నా టాల్బట్ ఊహకే దగ్గరగా ఉండటం గమనించదగినది. ‘నెగెటివ్’, ‘పాజిటివ్’ అనే పదాలను ఈ రంగంలోకి తెచ్చినవాడు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. చిత్రాన్ని స్థిరపరచడానికి ‘హైపో’ను వాడవచ్చని చూపినవాడూ ఆయనే.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని ప్రకటించాడు. గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్లినా చీకటిగదిని వెంట మోసుకుపోవలసిందే. 1871లో రిచర్డ్ లీచ్ మ్యాడాక్స్ జెలటిన్ వాడకాన్ని సూచించడంతో పొడి పలకలకు దారి ఏర్పడింది. పలకను ముందే సిద్ధం చేసుకొని, తీసిన ఫోటోను తరువాత తీరికగా కడుక్కునే వీలు కలిగింది. తీయడానికీ చూడటానికీ మధ్య ఎడం ఏర్పడింది.

ఆ ఎడంలో జరిగే రసాయనక్రియే ఫిల్ముకు ప్రాణం. జెలటిన్‌లో చెదరివున్న సిల్వర్ హాలైడ్ స్ఫటికాల మీద వెలుగు పడినప్పుడు కంటికి కనిపించని మార్పు జరుగుతుంది. దీన్ని గుప్తబింబం అంటారు. డెవలపర్ ద్రావణం ఆ స్ఫటికాలను లోహరూపంలోని వెండిగా మారుస్తుంది. వెలుగు తగలని స్ఫటికాలను హైపో తొలగిస్తుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లో మిగిలేది వెండి రేణువుల అమరిక. రంగుల ఫిల్ములో చివరకు వెండి తొలగిపోయి, దాని స్థానంలో రంగుద్రవ్యాలు మిగులుతాయి. రెండింటిలోనూ ఆ దృశ్యం నుంచి వచ్చిన వెలుగు నేరుగా తాకిన వస్తువు ఒకటి మన చేతిలో మిగులుతుంది. నెగెటివ్‌కున్న ప్రత్యేకత ఇదే.

3. అసౌకర్యాలను తొలగించిన పరిశ్రమ

ఇప్పుడు ఫిల్ము ప్రేమికులు నెమ్మదినీ శ్రమనూ పొగుడుతున్నారు. ఫిల్ము పరిశ్రమ చరిత్ర మాత్రం నెమ్మదినీ శ్రమనూ వదిలించుకునే ప్రయత్నాల చరిత్ర. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ విడుదల చేసిన కొడాక్ కెమెరా ధర 25 డాలర్లు. అందులో 100 ఫోటోలకు సరిపడా చుట్ట ఉండేది. అది అయిపోయాక కెమెరానే కంపెనీకి పంపితే, 10 డాలర్లకు ఫోటోలు కడిగి, కొత్త చుట్ట ఎక్కించి తిరిగి పంపేవారు. వినియోగదారుడు మీట నొక్కితే చాలు, తక్కినదంతా తామే చూసుకుంటామన్నది ఆ సంస్థ ప్రచారసారం. చీకటిగది సామాన్యుడి కంటికి కనబడకుండా పోయింది. 1900లో ఒక డాలరు ధరకే వచ్చిన బ్రౌనీ కెమెరాతో పిల్లలకు కూడా ఫోటోగ్రఫీ అందుబాటులోకి వచ్చింది.

1925లో వచ్చిన లైకా కెమెరా 35 మి.మీ. సినిమా ఫిల్మును వాడుకొని, ఒక చుట్టకు 36 ఫోటోలనే సంఖ్యను స్థిరపరచింది. నేడు సంయమనానికి చిహ్నంగా చెప్పుకునే ఈ 36, ఆనాటి దృష్టిలో సమృద్ధికి గుర్తు. అప్పటివరకు పలక వెంట పలక మార్చుకుంటూ పనిచేసినవారికి వరుసగా 36 ఫోటోలు తీయగలగడం గొప్ప స్వేచ్ఛ.

నిరీక్షణ మీద దాడి కూడా ఫిల్ము లోపలి నుంచే మొదలైంది. తీసిన ఫోటోను వెంటనే ఎందుకు చూడలేమని తన చిన్న కూతురు అడిగిన ప్రశ్నే తనకు ప్రేరణ అని ఎడ్విన్ ల్యాండ్ చెప్పుకునేవాడు. ఆయన రూపొందించిన పోలరాయిడ్ కెమెరా 1948లో అమ్మకానికి వచ్చింది. 1970ల చివరి నుంచి వ్యాపించిన మినీల్యాబ్‌లు రోజుల నిరీక్షణను గంటకు కుదించాయి. ఈ వరుసలో చివరి మెట్టును కూడా ఫిల్ము సంస్థే ఎక్కింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెల్ చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకుంది. దానికి చుట్ట అక్కర్లేదు, కడగడం అక్కర్లేదు, నెగెటివ్ లేదు. దీన్నిబట్టి డిజిటల్ సాంకేతికత ఫిల్ము పరిశ్రమ మొదటినుంచీ కన్న కలకు ముగింపుదశే తప్ప, బయటి నుంచి వచ్చిపడిన విప్లవం మాత్రమే కాదని చెప్పవచ్చు.

4. క్షీణత, పునరాగమనం

ఆ కల నెరవేరడం కలగన్నవారికే ప్రమాదమైంది. 2004లో కొడాక్ అమెరికా, పశ్చిమ ఐరోపా మార్కెట్లలో ఫిల్ము కెమెరాల అమ్మకాన్ని ఆపుతున్నట్లు ప్రకటించింది. అదే ఏడాది బ్రిటన్‌లో ఇల్‌ఫర్డ్ సంస్థ దివాలా అంచుకు చేరింది. 2006లో నికాన్ రెండు మినహా తన ఫిల్ము కెమెరాలన్నింటినీ ఆపివేయాలని నిర్ణయించింది. 2008లో పోలరాయిడ్ తక్షణ ఫిల్ముకు స్వస్తి పలికింది. 1935 నుంచి తయారవుతున్న కొడాక్రోమ్ 2009లో ఆగిపోయింది. దాని చివరి చుట్టను ఛాయాగ్రాహకుడు స్టీవ్ మెక్‌కరీకి అప్పగించగా, అందులో కొన్ని ఫోటోలను ఆయన మన దేశంలో తీశాడు. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది.

ఈ పతనంలోనే పునరాగమనానికి బీజాలు పడ్డాయి. ఇల్‌ఫర్డ్‌ను 2005లో దాని ఉద్యోగులే కొందరు కొనుగోలు చేసి, హార్మన్ టెక్నాలజీ పేరుతో నిలబెట్టారు. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే పట్టణంలో మూతపడబోతున్న పోలరాయిడ్ కర్మాగారం యంత్రాలను ఫ్లోరియాన్ కాప్స్, ఆంద్రే బోస్మన్ ప్రభృతులు దక్కించుకొని ‘ఇంపాజిబుల్ ప్రాజెక్ట్’ పేరుతో పని మొదలుపెట్టారు. పాత రసాయనాలు సరఫరా చేసేవారు లేకపోవడంతో ఫిల్మును దాదాపు కొత్తగా కనిపెట్టవలసి వచ్చింది. 2010లో వచ్చిన వారి తొలి ఫిల్ములను కెమెరా నుంచి బయటికి రాగానే వెలుతురు తగలకుండా దాచవలసి వచ్చేది. రంగులు నిలకడగా ఉండేవి కావు. అయినా కొనేవారు దొరికారు. ఒకనాడైతే ఫిర్యాదుకు కారణమయ్యే అనిశ్చితి ఇప్పుడు వస్తువు విశిష్టతగా చెల్లుబాటైంది. ఈ సంస్థే తరువాత పోలరాయిడ్ పేరును సొంతం చేసుకుంది.

2018లో కొడాక్ ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్ము తిరిగి వచ్చింది. ఫ్యూజీ సంస్థ 2018లో ఆపిన ఆక్రోస్ ఫిల్మును 2019లో మార్పులతో మళ్లీ విడుదల చేసింది. 2022లో లైకా తన ఎం6 కెమెరాను పునరుద్ధరించింది. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 కెమెరాలో ఫిల్మును చేత్తో మీట తిప్పి ముందుకు జరపాలి. మోటారు అమర్చడం ఎప్పుడో సాధ్యమైన పని. చేతిశ్రమను తయారీదారు కావాలనే మిగిల్చాడు. ఒకనాడు తొలగించిన శ్రమను ఇప్పుడు అమ్మకపు విలువగా చేర్చడమనే ఈ మార్పు మన చర్చకు కీలకం.

5. నోస్టాల్జియా అనే సమాధానం

‘నోస్టాల్జియా’ అనే పదాన్ని 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్యుడు స్వదేశం కోసం బెంగపడేవారి రోగానికి పేరుగా కల్పించాడు. కాలక్రమంలో అది గతకాలం కోసం పడే బెంగకు పేరైంది. 2001లో స్వెత్లానా బోయిమ్ దీన్ని రెండు రకాలుగా విభజించింది. పోయినదాన్ని యథాతథంగా తిరిగి నిర్మించాలనుకునేది ఒకటి. పోయిందని తెలిసి, ఆ దూరాన్ని గురించే ఆలోచించేది రెండవది. ఫిల్ము విషయంలో ఈ రెండింటికీ ఒక అవరోధం ఉంది. తాము అనుభవించని గతం కోసం ఎవరైనా ఎలా బెంగపడగలరు? ఇరవై ఏళ్ల యువకుడికి ఫిల్ము జ్ఞాపకం కాదు, కొత్త వస్తువు. కాబట్టి అతడు ఫిల్ములో దేన్ని వెతుకుతున్నాడో విడివిడిగా చూడాలి.

5.1 పరిమితి: 36 ఫోటోలే ఉన్నప్పుడు దేన్ని తీయాలో, దేన్ని వదలాలో ముందే నిర్ణయించుకోవాలి. డిజిటల్‌లో ఎంపిక తీసిన తరువాత జరుగుతుంది, చాలాసార్లు అసలే జరగదు. ఈ తేడా చరిత్రకారులకు విలువైనది. ఫిల్ము కాలపు తెలుగింటి పెళ్లి ఆల్బమ్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, పెద్దల ఆశీర్వచనం, వరుసల వారీగా బంధువుల గుంపు ఫోటోలు, అప్పగింతలు. చుట్టల సంఖ్యకు హద్దు ఉండటం వల్ల ఆ కుటుంబం దేన్ని తప్పనిసరి అనుకుందో, ఎవరిని మధ్యలో నిలబెట్టిందో, ఎవరికి ఒక్క ఫోటో కూడా దక్కలేదో ఆల్బమ్ చెబుతుంది. వేల ఫోటోలున్న నేటి పెళ్లి ఫోల్డర్ ఎక్కువ సమాచారం ఇస్తుంది గాని, ప్రాధాన్యక్రమాన్ని అంత స్పష్టంగా చెప్పదు.

5.2 నిరీక్షణ: గుప్తబింబానికీ కడిగిన ఫోటోకూ మధ్య కాలంలో తీసినవాడు తాను చూసినదాన్ని మనసులో నిలుపుకుంటాడు. ఫోటో చేతికొచ్చినప్పుడు జ్ఞాపకమూ చిత్రమూ ఎదురెదురుగా నిలుస్తాయి. తీసిన క్షణంలోనే తెరమీద చూసుకునే పద్ధతిలో ఈ రెండింటికీ తేడా ఏర్పడే వ్యవధి లేదు. అక్కడికక్కడే బాగోలేదని చెరిపేసే వీలు ఉండటంతో మూసిన కళ్లు, కదిలిన చేతులు, అనుకోకుండా చట్రంలోకి వచ్చిన మనుషులు రికార్డులో మిగలడం అరుదైంది. ఫిల్ము వీటిని చెరపలేదు. పరిశోధకుడు ఎన్నోసార్లు ఆధారపడేది ఇలాంటి అనుకోని వివరాల మీదనే.

5.3 భౌతికమైన మూలప్రతి: యాంత్రిక పునరుత్పత్తిపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వాల్టర్ బెంజమిన్, ఒక ఫోటోపలక నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు గనుక వాటిలో అసలు ప్రతి ఏదని అడగడం అర్థరహితమన్నాడు. ఆ ప్రశ్న అచ్చుప్రతుల గురించినది. ఆ ప్రతులన్నింటికీ తల్లి అయిన నెగెటివ్ మాత్రం ఒక్కటే. డిజిటల్ దస్త్రానికి ఆ ఒక్కటి కూడా లేదు. నకలుకూ మూలానికీ తేడా ఉండదు. 2004లో అడోబీ సంస్థ తన ముడి దస్త్రాల నమూనాకు ‘డిజిటల్ నెగెటివ్’ అని పేరుపెట్టడం, డిజిటల్‌కు కూడా మూలప్రతి భావన అవసరమైందనడానికి నిదర్శనం. యాంత్రికమైనదంటూ ఒకప్పుడు కళాలోకం అనుమానంతో చూసిన ఫోటోకు నేడు చేతివృత్తి ఉత్పత్తికుండే గౌరవం దక్కడానికి కారణం ఈ మూలప్రతి ఉనికే.

ఈ మూడూ ఫిల్ములో మొదటినుంచీ ఉన్నాయి. అయితే వేరే మార్గం లేనంతకాలం అవి గుణాలుగా కనిపించలేదు. పోల్చి చూడటానికి డిజిటల్ వచ్చాకే వాటికి విలువ ఏర్పడింది. అందువల్ల ఫిల్ము ఆకర్షణ దాని సహజ స్వభావంలో ఉన్నదనడం కన్నా, డిజిటల్‌తో ఉన్న భేదం నుంచి పుట్టిందనడం సమంజసం.

6. ఫిల్ము అబద్ధమాడదా?

ఫిల్ము అభిమానుల వాదాల్లో బలహీనమైనది, ఫిల్ము సత్యాన్నే చెబుతుందనే వాదం. 1857లో ఆస్కార్ రేలాండర్ 30కి పైగా నెగెటివ్‌లను కలిపి, ఎన్నడూ జరగని దృశ్యాన్ని ఒకే చిత్రంగా కూర్చాడు. స్టూడియోలలో నెగెటివ్ మీద పెన్సిలుతో ముడతలు, మచ్చలు తొలగించడం సాధారణ వృత్తినైపుణ్యం. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ గ్రామంలో ఇద్దరు బాలికలు దేవకన్యలతో తీసుకున్న ఫోటోలను ఆర్థర్ కోనన్ డోయల్ వంటి రచయితే నమ్మాడు. కాగితం మీద గీసి కత్తిరించిన బొమ్మలను నిలబెట్టి ఆ ఫోటోలు తీశామని వారు 1980లలో ఒప్పుకున్నారు. అక్కడ నెగెటివ్ అబద్ధం చెప్పలేదు. దాని ముందు నిలిపిన దృశ్యమే కల్పితం.

కాబట్టి నెగెటివ్ ఇచ్చేది సత్యం కాదు, పరిశీలనకు వీలు. ఎదుట ఏదో ఒకటి ఉన్నదని అది చెబుతుంది. 1980లో రోలాఁ బార్త్ ఛాయాచిత్రానికి సారంగా గుర్తించినదీ ఈ ఉనికినే. దానిమీద చేసిన దిద్దుబాట్లు గీతలుగా, పూతలుగా మిగులుతాయి. వాటిని భూతద్దం కింద చూడవచ్చు. పదాలు టైపు చేస్తే చిత్రాలు పుట్టుకొస్తున్న నేటి కృత్రిమమేధ కాలంలో ఈ పరిశీలనావకాశానికి విలువ పెరిగింది. 2023లో లైకా ఎం11-పి కెమెరా, ఫోటో ఎక్కడ ఎలా పుట్టిందో తెలిపే గూఢసంకేత ముద్రను తీసిన క్షణంలోనే చేర్చే ఏర్పాటుతో వచ్చింది. నెగెటివ్ సహజంగా చేసిన పనిని డిజిటల్ ఇప్పుడు సంతకాల రూపంలో తిరిగి సంపాదించుకోవాలని చూస్తోంది.

7. తెలుగు నుడికారంలో ఫిల్ము

సాంకేతికత మారినా మాటలు దాని జాడను కొంతకాలం మోస్తాయి. తెలుగులో ఫోటో తీసేవాడు ‘తీస్తాడు’, తీయించుకునేవాడు ‘దిగుతాడు’. నీటిలోకి, బరిలోకి దిగినట్లే ఫోటోలోకీ దిగుతాం. నిలబడి, సర్దుకొని, సిద్ధపడి చేసే పని అనే స్ఫురణ ఈ క్రియలో ఉంది. కెమెరా ముందు కదలకుండా నిలవవలసిన కాలానికి ఇది సహజమైన మాట. ‘సెల్ఫీ దిగడం’ అనే వాడుకలో ఆ క్రియ ఇప్పటికీ నిలిచింది. ‘ఫోటోలు కడిగించడం’ మాత్రం చీకటిగదితోనే వాడుక నుంచి తప్పుకుంటోంది. నీళ్ల తొట్టిలో ప్రతులను కడిగే చివరిదశ పేరు మొత్తం ప్రక్రియకు పేరైన ఆ ప్రయోగం నేటి విద్యార్థికి వివరిస్తే గాని అర్థం కాదు.

‘రీలు’ ప్రయాణం మరింత ఆసక్తికరం. ‘రీలు అయిపోయింది’ అన్నప్పుడు అది పరిమితికి పేరు. నేడు ‘రీల్స్’ అంటే ఫోన్‌లో ఒకదాని వెంట ఒకటి అంతులేకుండా వచ్చే చిన్న వీడియోలు. ఒకే మాట హద్దు నుంచి హద్దులేనితనానికి మారింది. ‘పటం కట్టించడం’ అనే వాడుకలో దేవుడి బొమ్మా, గతించిన పెద్దల ఫోటో ఒకే గోడ మీదికి చేరాయి. ఫోటోను వస్తువుగా, గౌరవించి కాపాడవలసినదిగా చూసిన సంస్కృతి ఈ మాటల వెనుక ఉంది. అయితే ఆ గౌరవం దక్కింది అచ్చుప్రతికే. దాని మూలమైన నెగెటివ్ స్టూడియో పెట్టెల్లోనే ఉండిపోయింది.

8. భారతదేశంలో ఫిల్ము: కర్మాగారం, నెగెటివ్‌ల భద్రత

ఫిల్ము పునరాగమన కథనాల్లో ఐరోపా, అమెరికా, జపాన్ కర్మాగారాలే కనిపిస్తాయి. మన దేశానికీ ఒక ఫిల్ము కర్మాగారం ఉండేది. తమిళనాడులోని ఉదకమండలంలో 1960లో ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్, ఫ్రాన్సుకు చెందిన బోషే సంస్థ సహకారంతో 1967లో ఉత్పత్తి ప్రారంభించింది. దుమ్ము తక్కువగా ఉండే చల్లని కొండప్రాంతం ఫిల్ము తయారీకి అనుకూలం. చంద్రుడనే అర్థమున్న ‘ఇందు’ పేరుతో ఫిల్ము చుట్టలు, ఫోటో కాగితం, సినిమా, ఎక్స్‌రే ఫిల్ములు అక్కడినుంచి వచ్చేవి. నలుపు తెలుపులో దేశానికి స్వావలంబన ఇచ్చిన ఈ సంస్థ రంగుల ఫిల్ము తయారీలో ఆ స్థాయికి చేరలేకపోయింది. 1990లలో దిగుమతి సుంకాలు తగ్గడం, అప్పుల భారం కలిసి దాన్ని ఖాయిలా పరిశ్రమగా మార్చాయి. చివరకు అది మూతపడింది. ఎన్‌స్కెడేలో యంత్రాలను కాపాడుకున్న ప్రయత్నం వంటిది ఇక్కడ ఫలించలేదు. ఫలితంగా నేడు భారతీయ ఫిల్ము ఛాయాగ్రాహకుడు దిగుమతి సరుకు మీదే ఆధారపడుతున్నాడు. ఒకప్పుడు చిన్న పట్టణపు స్టూడియోకు కూడా అందిన వస్తువు ఇప్పుడు నగరాల్లో ఖర్చు భరించగలవారి అభిరుచిగా మిగిలింది. ఆకర్షణను చర్చించేటప్పుడు ఈ ఆర్థిక తారతమ్యాన్ని విస్మరించరాదు.

అంతకన్నా తీవ్రమైన ప్రశ్న, ఇప్పటికే తీసిన నెగెటివ్‌ల గురించినది. అమరావతి శిల్పాలను 1858లో మద్రాసు మ్యూజియంలో లినియస్ ట్రైప్ ఫోటోలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో అధికభాగం లండన్‌కు తరలిపోయాయి. శిల్పాల తరలింపుకు ముందటి స్థితిని తెలుసుకోవడానికి నేడు ఆ ఫోటోలు ప్రథమశ్రేణి ఆధారాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. హైదరాబాదు సంస్థానపు రాజభవనాలు, వేడుకలు, మనుషుల రూపాలపై పరిశోధనకు అవి ఆకరమయ్యాయి. ఆల్బమ్‌లోని అచ్చుప్రతిలో కత్తిరించిన అంచులు, దిద్దిన భాగాలు, వదిలేసిన ఫోటోలు నెగెటివ్‌ల వద్దనే తెలుస్తాయి.

దీన్‌దయాళ్ నెగెటివ్‌లకు దక్కిన భాగ్యం జిల్లా పట్టణాల స్టూడియోలకు దక్కలేదు. నిజానికి ఫిల్ము భౌతికమైనది కావడమే దాని బలమూ బలహీనతా. తొలినాటి నైట్రేట్ ఫిల్ము తేలికగా మండుతుంది. తరువాతి ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకీ వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. జెలటిన్ మీద బూజు పెరుగుతుంది. కోస్తా వాతావరణం ఈ మూడింటికీ ప్రతికూలం. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి కోసం దాన్ని తూకానికి అమ్మడం మరో ప్రమాదం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి కూడా నేడు మనకు లభ్యం కాదు. సినిమాకే ఈ గతి పట్టినప్పుడు, పేరూ ఊరూ రాసిపెట్టని స్టూడియో నెగెటివ్‌ల పరిస్థితిని ఊహించవచ్చు.

ఇక్కడ పునరాగమనంలోని వైరుధ్యం బయటపడుతుంది. నేడు ఫిల్ము మీద తీసిన ఫోటోలు ఎక్కువభాగం స్కాన్ అయి, ఫోన్ తెరల మీదే కనిపిస్తున్నాయి. స్కాన్లు చేతికందితే చాలనుకొని నెగెటివ్‌లను ల్యాబ్‌లోనే వదిలేసేవారూ ఉన్నారు. వారికి కావలసింది ఫిల్ము ఇచ్చే రంగు, రేణువు, అనుభవం. మూలప్రతి కాదు. ఫిల్ము రూపం ఫ్యాషన్‌గా వ్యాపిస్తుండగానే, ఫిల్ములో నిజంగా భర్తీ చేయలేని భాగం ఇలా చేజారుతోంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఫిల్ము ఆకర్షణను నోస్టాల్జియా మాత్రమే వివరించలేదు. ఫిల్మును ఎన్నడూ వాడనివారు కూడా దాన్ని ఆశ్రయించడమే ఇందుకు ఆధారం.

2. పరిమితి, నిరీక్షణ, శ్రమలను తొలగించడానికి 1888 నుంచి ఫిల్ము పరిశ్రమే పనిచేసింది. డిజిటల్ ఆ పనిని పూర్తిచేశాకే అవి గుణాలయ్యాయి. ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ తొలి ఫిల్ములు, పెంటాక్స్ 17 మీట దీనికి నిదర్శనాలు.

3. ఫిల్ము సత్యానికి పూచీ కాదు. అది పరిశీలించదగిన మూలప్రతిని మాత్రం ఇస్తుంది.

4. తెలుగులో ‘దిగడం’ నిలిచి, ‘కడిగించడం’ తొలగిపోతూ, ‘రీలు’ అర్థం తలకిందులు కావడం ఈ సాంకేతిక పరిణామానికి భాషాపరమైన సాక్ష్యాలు.

5. కొత్త ఫిల్ము అమ్మకాలు పెరిగినంత మాత్రాన పాత నెగెటివ్‌లకు రక్షణ కలగదు.

స్థానిక చరిత్ర, కులవృత్తులు, నాటకసమాజాలు, వేషధారణ, వివాహసంప్రదాయాలు వంటి అంశాలపై పరిశోధించేవారు తాళపత్రాల కోసం ఇల్లిల్లూ తిరిగినట్లే పాత స్టూడియోల గడపలూ తొక్కవలసిన సమయమిది. నెగెటివ్‌లను సేకరించడం సాధ్యం కానిచోట, యజమాని అనుమతితో ఉన్నచోటనే స్కాన్ చేసి, తీసిన సంవత్సరం, స్థలం, ఫోటోలో ఉన్నవారి వివరాలను స్టూడియోవారి నోట విని నమోదు చేయవచ్చు. ఆ వివరాలు నెగెటివ్ మీద ఉండవు. వాటిని చెప్పగలవారు ఇప్పటికే వృద్ధులు. నెగెటివ్‌ను చల్లని పొడిగదిలో కొంతకాలం కాపాడుకోవచ్చు గాని, దాన్ని గుర్తుపట్టే జ్ఞాపకానికి అటువంటి గది లేదు.